పెడల్‌బోర్డు మీద ఇంట్లో చేసిన ఎక్స్‌ప్రెషన్ స్విచ్, టాప్ టెంపో స్విచ్: ఎలా కలపాలి?

కాకినాడ_కార్డ్స్

అందరికీ నమస్తే. చర్చిలో లీడ్ గిటార్ వాయిస్తాను, సీజన్‌లో కన్వెన్షన్లకీ వెళ్తాం. నా పెడల్‌బోర్డు (గిటార్ సౌండ్ మార్చే పెడల్స్ బిగించిన పలక) చిన్నది: ట్యూనర్, ఒక ఓవర్‌డ్రైవ్ (సౌండ్‌ని గరుకుగా చేసేది), బాస్ (Boss) కంపెనీ డీడీ-3టీ డిలే (ప్రతిధ్వని ఇచ్చేది), అదే కంపెనీ ఆర్‌వీ-6 రివర్బ్ (పెద్ద హాల్లో మోగినట్టు చేసేది).

ఇబ్బందులు రెండు. మా డ్రమ్మర్ టెంపో ఏ వారానికి ఆ వారమే, కాబట్టి డిలేకి టాప్ (tap) టెంపో, అంటే కాలితో తట్టిన వేగానికే డిలే నడిచే ఏర్పాటు, కావాలి. రెండోది, చరణంలో రివర్బ్ కొంచెమే ఉండాలి, పల్లవికి వచ్చేసరికి హాలంతా నిండాలి. ఇప్పుడైతే పాట మధ్యలో వంగి నాబ్ తిప్పుతున్నాను, ఆ రెండు మాత్రలూ గిటార్ ఉండదు.

ఆర్‌వీ-6 పక్కన ఎక్స్‌ప్రెషన్ జాక్ ఉంది కదా, కానీ ఎక్స్‌ప్రెషన్ పెడల్ (కాలితో తొక్కుతూ నాబ్ పని చేయించేది) పెట్టడానికి బోర్డు మీద చోటు లేదు, చేతిలో డబ్బూ లేదు. ఫ్రెండ్ హైదరాబాద్ నుంచి వస్తుంటే కోఠి గుజరాతీ గల్లీలో తెమ్మన్నాను. షాపులో ఉన్నవి తెచ్చాడు: తొమ్మిది కాళ్లున్న 3పీడీటీ ఫుట్‌స్విచ్‌లు మూడు, బీ10కే అని రాసిన పాట్‌లు (పొటెన్షియోమీటర్లు, తిప్పితే రెసిస్టెన్స్ మారేవి) నాలుగు, స్టీరియో జాక్‌లు. సోల్డరింగ్ వచ్చు, సర్క్యూట్ గీసుకోవడం రాదు. వీటితో పని జరుగుతుందా?

సోల్డర్_బాబాయ్

జరుగుతుంది. కాకపోతే ఏది దేనికో ముందు తేల్చుకోవాలి.

నీ 3పీడీటీ లాచింగ్ రకం. ఒకసారి నొక్కితే టక్కుమని ఒక వైపు నిలబడుతుంది, మళ్లీ నొక్కితే రెండో వైపు. టాప్ టెంపోకి ఇది పనికిరాదు. అక్కడ కాలు పెట్టినంతసేపే కలిసి, తీయగానే విడిపోయే మొమెంటరీ స్విచ్ కావాలి. లాచింగ్ పెడితే రెండు నొక్కులకి ఒక టాప్ లెక్క పడుతుంది, డిలే సగం వేగంతో నడుస్తుంది.

టాప్ టెంపో పెట్టెలో సర్క్యూట్ అంటూ ఏమీ లేదు. మొమెంటరీ స్విచ్ రెండు కాళ్లు, మోనో జాక్ టిప్‌కి (ప్లగ్ కొన తగిలే చోటు) ఒకటి, స్లీవ్‌కి (ప్లగ్ ఒళ్లు తగిలే చోటు) ఒకటి, అంతే. కొనేటప్పుడు ‘సాఫ్ట్ టచ్ మొమెంటరీ’ అని అడుగు, టక్ మనే చప్పుడు లేని రకం ఇస్తారు. ప్రార్థన జరుగుతున్నప్పుడు ఆ టక్ టక్ మైకులోకి వెళ్తే బాగోదు. ఒక్క నొక్కుని పెడల్ రెండుగా చదువుతోందని అనిపిస్తే స్విచ్ కాళ్ల మధ్య 0.1 మైక్రోఫారడ్ సిరామిక్ కెపాసిటర్ పెట్టు, 104 అని రాసి ఉంటుంది.

ఇక రివర్బ్ సంగతి. ఒక్క ప్రశ్నకి జవాబు చెప్పు: నీకు రివర్బ్ నెమ్మదిగా పెరుగుతూ పోవాలా, లేక ‘తక్కువ’, ‘ఎక్కువ’ అని రెండు స్థానాలు చాలా?

కాకినాడ_కార్డ్స్

రెండు చాలు బాబాయ్. చరణానికొకటి, పల్లవికొకటి.

తిరుపతి_ట్యూబ్స్

ఇంత కష్టం ఎందుకు బ్రో, బాస్ జీటీ-1 (అన్ని ఎఫెక్టులూ ఒకే పెట్టెలో ఉండేది) ఒకటి తీసుకో. వెనక జాక్‌కి రెండు ఫుట్‌స్విచ్‌లు పెట్టుకుని దేన్ని కావాలంటే దాన్ని మార్చుకోవచ్చు. సెకండ్ హ్యాండ్‌లో దొరుకుతాయి కూడా.

సోల్డర్_బాబాయ్

జీటీ-1 మంచిదే. కానీ అతని దగ్గర ఉన్నవి ఆర్‌వీ-6, డీడీ-3టీ. ఉన్నవి అమ్మి ఇంకోటి కొనమనడం సలహా కాదు, ఖర్చు.

కాకినాడ తమ్ముడూ, రెండు స్థానాలు చాలంటే నీకు తొక్కుడు పెడల్ అసలు అక్కర్లేదు. చాలామంది ఇక్కడే డబ్బు పోస్తారు. ఎక్స్‌ప్రెషన్ పెడల్ కొంటారు, మడమ ఒక స్థానం, మునివేళ్లు ఒక స్థానం, మధ్యలో ఎప్పుడూ ఆగరు. నీకు కావాల్సింది ఎక్స్‌ప్రెషన్ స్విచ్. దానికి నీ 3పీడీటీ అతికినట్టు సరిపోతుంది.

ఎక్స్‌ప్రెషన్ జాక్ లోపల జరిగేది ఇది. పెడల్ తన లోపలి నుంచి చిన్న వోల్టేజీని, మామూలుగా 3.3 లేదా 5 వోల్టులు, జాక్ రింగ్ (టిప్‌కీ స్లీవ్‌కీ మధ్య వలయం) మీద పెడుతుంది. స్లీవ్ గ్రౌండ్. మధ్యలో ఉన్న పాట్ ఆ వోల్టేజీలో కొంత భాగాన్ని టిప్ ద్వారా వెనక్కి పంపుతుంది. పెడల్ ఆ భాగాన్ని కొలిచి ‘ఓహో, ఇంత రివర్బ్’ అనుకుంటుంది. గిటార్ సౌండ్ ఈ తీగలోకి రానే రాదు. అందుకే ఇక్కడ వాల్యూమ్ పెడల్ పెట్టకూడదు, దాని పని వేరు.

మనం పాట్‌లు రెండు పెడతాం. ఒకటి చరణం, ఒకటి పల్లవి. రెండింటినీ ముందే కావాల్సిన చోటికి తిప్పి ఉంచుతావు, ఫుట్‌స్విచ్ ఏదో ఒకదాన్ని ఎంచుకుంటుంది.

3పీడీటీని తిరగేసి చూడు. కాళ్లు మూడు వరసలు. మధ్య వరస కామన్, పైనా కిందా ఉన్నవి రెండు స్థానాలు. ముందు మల్టీమీటర్ బీప్‌లో పెట్టి నిర్ధారించుకో, ఎందుకంటే స్విచ్‌ని తొంభై డిగ్రీలు తిప్పి పట్టుకుంటే అడ్డం నిలువవుతుంది, లెక్కంతా తారుమారు.

మొదటి స్తంభం: మధ్య కాలు జాక్ రింగ్‌కి. పై కాలు ‘చరణం’ పాట్ కుడి కొసకి, కింది కాలు ‘పల్లవి’ పాట్ కుడి కొసకి.

రెండో స్తంభం: మధ్య కాలు నుంచి 1కే రెసిస్టర్ మీదుగా జాక్ టిప్‌కి. పై కాలు చరణం పాట్ మధ్య కొసకి, కింది కాలు పల్లవి పాట్ మధ్య కొసకి.

రెండు పాట్‌ల ఎడమ కొసలూ కలిపి స్లీవ్‌కి. టిప్‌కీ స్లీవ్‌కీ మధ్య ఒక 104 కెపాసిటర్. స్విచ్ ఒక పక్క నుంచి ఇంకో పక్కకి దూకే ఆ క్షణంలో టిప్ ఎటూ కాకుండా గాలిలో ఉంటుంది కదా, అప్పుడు వోల్టేజీని ఇది పట్టి ఉంచుతుంది.

రింగ్‌ని కూడా స్విచ్ మీదుగా ఎందుకు తెచ్చామంటే, రెండు పాట్‌లూ ఎప్పుడూ తగిలించి ఉంచితే 10కే, 10కే సమాంతరంగా కలిసి 5కే అవుతుంది. చాలా పెడల్స్ 10కే చుట్టుపక్కల ఆశిస్తాయి. ఇలా అయితే ఏ క్షణంలోనైనా కనిపించేది ఒక్కటే 10కే. నీ బీ10కేలు అలాగే వాడుకోవచ్చు. బీ అంటే లీనియర్, మనకి కావాల్సిందే. ‘ఏ’ (A) అని రాసిన లాగ్ రకం తెచ్చి ఉంటే నాబ్ సగం దాకా ఏమీ జరగనట్టుండి చివర్లో ఒక్కసారిగా పెరిగేది.

1కే ఎందుకంటే, టిప్, రింగ్ ఎక్కడైనా తారుమారైనా పెడల్ లోపలి వోల్టేజీ నేరుగా షార్ట్ కాకుండా అడ్డం ఉంటుంది.

మూడో స్తంభం ఖాళీ. ఎల్‌ఈడీ కావాలంటే దానికి వాడుకో. వద్దంటే వదిలేయ్.

వైజాగ్_వా

బాబాయ్ చెప్పింది కరెక్టే కానీ తొక్కుడు పెడల్ అక్కర్లేదన్న మాట ఒప్పుకోను. రివర్బ్ నెమ్మదిగా ఉబ్బుతూ వచ్చే ఫీల్ స్విచ్‌తో రాదు. పెడల్ కావాలంటే కొత్తది కొనక్కర్లేదు, పాడైన వా పెడల్ (తొక్కుతూ ‘వా వా’ అనిపించే గిటార్ పెడల్) వెతకండి. లోహపు పెట్టె, తొక్కే పలక, దాని కింద పళ్ల పట్టీ, గేరు, అన్నీ రెడీగా ఉంటాయి. క్రై బేబీలాంటి వాటిలో పాట్ 100కే ఉంటుంది, తీసేసి బీ10కే పెట్టుకోవాలి. లోపలి సర్క్యూట్ బోర్డుని కదపకుండా తీగలు మాత్రం విప్పేస్తే రేపు మళ్లీ వా చేసుకోవచ్చు.

ఇంట్లో చెక్కతో పెడల్ చేసేవాళ్లంతా ఇరుక్కునేది ఒకే చోట. పాట్ పూర్తిగా తిరగాలంటే 270 డిగ్రీలు, 300 డిగ్రీలు కావాలి. మన పాదం కదిలేది మహా అయితే 25, 30. పాట్‌ని నేరుగా బందుకి బిగిస్తే పదో వంతే తిరుగుతుంది, రివర్బ్ ‘కొంచెం’ నుంచి ‘ఇంకొంచెం’ దాకా వెళ్లి ఆగుతుంది. అందుకే గేరు కావాలి. లేదంటే పాట్ కాడకి దారం చుట్టి లాగే పద్ధతి ఉంది, కొన్ని వాల్యూమ్ పెడల్స్ అలాగే చేస్తారు.

లక్ష్మి_టెలీ

@వైజాగ్_వా పాడైన వా దొరకనివాళ్లకి నా దారి: కుట్టు మిషన్ మోటార్ పెడల్. నేను బెంగళూరులో ఉంటాను, మా వీధి టైలర్ దగ్గర మోటార్ కాలిపోయిన సెట్టు పడి ఉంటే అడిగి తెచ్చుకున్నాను.

మొదటి పని, ఆ 230 వోల్టుల వైరూ ప్లగ్గూ మొదలంటా కత్తిరించి పారేయండి. దాచి పెట్టొద్దు. ఇంట్లో ఎవరైనా చూసి ‘ఇది కరెంటుదే కదా’ అని ప్లగ్‌లో పెడితే ఇంకేమైనా ఉందా. తర్వాత లోపలున్న బొగ్గు బిళ్లలో, తీగ చుట్టలో, మీదాంట్లో ఏది ఉంటే అది మొత్తం తీసేయండి. మిగిలేది డొక్కు, స్ప్రింగ్.

తిరిగే పాట్ బదులు జరిగే పాట్ వేశాను. పాత ఈక్వలైజర్లలో ముందు వైపు ఉంటాయి చూడండి, ఆ స్లైడర్లు. వాటి మీద విలువ రాసి ఉంటుంది, 10కే దొరికేదాకా ఏరుకోవాలి. పై మూత నుంచి స్లైడర్ పిడికి సైకిల్ పుల్ల ముక్క వంచి లింకు చేశాను. మూత రెండు సెంటీమీటర్లు కిందకి దిగితే పుల్ల స్లైడర్‌ని పక్కకి నెడుతుంది. పుల్ల వంపు దగ్గర కొంచెం ఆట ఉంటే తొక్కినప్పుడు ఒక విలువ, వదిలినప్పుడు ఇంకో విలువ వస్తుంది. అక్కడ స్లీవ్ ముక్క తొడిగితే బిగుతుగా కూర్చుంది.

దీని గుణం ఒకటి గుర్తుపెట్టుకోండి. కాలు తీస్తే స్ప్రింగ్ దాన్ని సున్నాకి లాగేస్తుంది. ఎక్కడ వదిలితే అక్కడ ఉండదు. ఆఖరి కార్డ్ మీద తొక్కి రివర్బ్‌లోకి వదిలేయడానికి బ్రహ్మాండం. పల్లవి అంతా ఒకే చోట ఉంచాలంటే పిక్క పట్టేస్తుంది.

మిక్సర్_మావయ్య

నేను గిటారిస్టుని కాదు, సౌండ్ వాడిని. ఫంక్షన్ హాళ్లలో మీ బోర్డుల వల్ల నాకు వచ్చే తలనొప్పులు నాలుగు ముక్కల్లో చెప్తాను.

అడాప్టర్: ఈ పెడల్స్‌కి 9 వోల్టుల డీసీ, పిన్ను లోపలి భాగం మైనస్. ఇంట్లో పడి ఉండే వైఫై రూటర్ అడాప్టర్, సీసీటీవీ అడాప్టర్ చాలా వరకు లోపల ప్లస్. పిన్ను మాత్రం చక్కగా దూరుతుంది! చివరి నిమిషంలో ‘అడాప్టర్ మర్చిపోయాం, రూటర్‌ది ఉంది’ అంటారు, నా గుండె ఆగుతుంది. లేబుల్ మీద గుండ్రం బొమ్మ ఉంటుంది, ప్లస్ మైనస్ చూసి పెట్టండి.

గొలుసు వైరు: ఒక్క అడాప్టర్ నుంచి అన్నిటికీ పాయలు తీసే వైరు రెండు మూడు అనలాగ్ పెడల్స్‌కి సరే. డిజిటల్ డిలే, రివర్బ్ కలిస్తే సన్నటి కీచు ఓవర్‌డ్రైవ్‌లోకి పాకుతుంది. డబ్బుంటే ఐసొలేటెడ్ సప్లై (ప్రతి పెడల్‌కీ విడి కరెంటు ఇచ్చేది). లేకపోతే కనీసం డిజిటల్‌వాటికి ఒక అడాప్టర్, అనలాగ్‌వాటికి ఒకటి.

ఎల్‌ఈడీ: బాబాయ్ మూడో స్తంభం అన్నారు కదా, అందులో జాగ్రత్త. ఎల్‌ఈడీకి ఇచ్చే 9 వోల్టుల మైనస్‌ని ఎక్స్‌ప్రెషన్ జాక్ స్లీవ్‌తో కలపొద్దు. కలిపారా, రెండు దారుల్లో గ్రౌండ్ వెళ్లి హమ్ మొదలు. పెట్టె లోహానిదైతే స్టీరియో జాక్ మెడ పెట్టెకి తగులుతుంది, కాబట్టి డీసీ జాక్ ప్లాస్టిక్ మెడది తీసుకోండి. ఆ 9 వోల్టులు పొరపాటున టిప్ మీదకో రింగ్ మీదకో వెళ్తే పెడల్ మెదడు పోతుంది.

ఎర్త్: పాట పాడుతూ గిటార్ వాయించేవాళ్లు మైకుకి మూతి తగలగానే జివ్వుమందంటే, బోర్డుకి గానీ ఆంప్‌కి గానీ ఎర్త్ లేదని. రెండు పిన్నుల అడాప్టర్ల నుంచి చిన్న లీకేజీ ఎప్పుడూ ఉంటుంది, అది పోవడానికి దారి కావాలి. టెస్టర్ గిటార్ తీగల మీద పెడితే దీపం వెలగడం నేను చూశాను. హమ్ పోతుందని ఆంప్ ప్లగ్‌లో ఎర్త్ పిన్ను పీకేసే మహానుభావులు ఉన్నారు. ఆ పని మాత్రం చేయకండి. హమ్‌కి డీఐ బాక్సు (గిటార్‌ని మిక్సర్‌కి కలిపే పెట్టె) మీద గ్రౌండ్ లిఫ్ట్ అని బొత్తం ఉంటుంది, అది నొక్కండి.

కాకినాడ_కార్డ్స్

బాబాయ్, మావయ్య, అందరికీ థాంక్స్. కరెంటు షాపులో దొరికే ఇనప స్విచ్ బోర్డు పెట్టె, గోడలో పాతేది, తెచ్చి అందులో బిగించాను. ఎల్‌ఈడీ పెట్టలేదు.

ఒక చిక్కు. ఆర్‌వీ-6కి తగిలిస్తే రివర్బ్ దాదాపు మాయం. స్విచ్ ఏ వైపున్నా అంతే, ఏ పాట్ తిప్పినా అంతే. పెట్టె ఒక్కదాన్నే మీటర్‌తో కొలిచాను. రింగ్ నుంచి స్లీవ్‌కి రెండు స్థానాల్లోనూ 9.8కే. టిప్ నుంచి స్లీవ్‌కి చరణంలో 3కే, పల్లవిలో 8కే దాకా చూపిస్తోంది.

సోల్డర్_బాబాయ్

కొలతలు శుభ్రంగా ఉన్నాయి, పెట్టె బాగానే ఉంది. నువ్వు వాడిన కేబుల్ ప్లగ్ చూడు. కొన దగ్గర నల్ల గీతలు ఎన్ని?

కాకినాడ_కార్డ్స్

ఒకటే. మామూలు ప్యాచ్ కేబుల్.

సోల్డర్_బాబాయ్

అదే సంగతి. ఒక గీత అంటే మోనో. జాక్‌లో రింగ్ ఉండాల్సిన చోట మోనో ప్లగ్ ఒళ్లు కూర్చుంటుంది, రింగ్ వెళ్లి గ్రౌండ్‌కి అంటుకుంటుంది. పంచడానికి వోల్టేజీయే లేదు, అందుకే ఎటు తిప్పినా సున్నా. రెండు గీతల స్టీరియో కేబుల్ తెచ్చుకో, 6.35 ఎంఎం ప్లగ్ రెండు వైపులా. లేదా ప్లగ్‌లు కొని, రెండు తీగలూ పైన అల్లికా ఉన్న మైకు వైరు అరమీటరు కోసి నువ్వే చేసుకో. గట్టిగా ఉంటుంది.

డల్లాస్_డిలే

ఇక్కడ డల్లాస్‌లో మా తెలుగు బ్యాండ్‌కి ఇదే స్విచ్ చేశాను, చిన్న మార్పుతో. వైజాగ్ అన్న ‘నెమ్మదిగా ఉబ్బడం స్విచ్‌తో రాదు’ అన్నారు. వస్తుంది. బాబాయ్ పెట్టిన 1కే చోట 10కే, 104 చోట 47 మైక్రోఫారడ్ ఎలక్ట్రోలిటిక్ పెట్టండి, ప్లస్ కాలు టిప్ వైపు. స్విచ్ నొక్కగానే వోల్టేజీ దూకకుండా కెపాసిటర్ నిండుతూ పైకి వెళ్తుంది. 10కే, 47 మైక్రో గుణిస్తే దాదాపు అర సెకను, పూర్తిగా చేరడానికి దానికి మూడు నాలుగు రెట్లు, అంటే ఒకటిన్నర నుంచి రెండు సెకన్లు. పల్లవి ముందు బారులో నొక్కితే రివర్బ్ పాటతో పాటు పెరుగుతుంది. రోటరీ స్పీకర్ ఎఫెక్ట్‌కి వేగం మార్చడానికి ఇంకా బాగుంటుంది.

ఒక షరతు: కొన్ని పెడల్స్ తమ టిప్ మీద లోపలే ఒక రెసిస్టర్ పెట్టుకుంటాయి. అలాంటివాటికి 10కే అడ్డం పెడితే విలువ ఒక పక్కకి జరుగుతుంది, పాట్‌ని కొంచెం ఎక్కువ తిప్పుకోవాలి.

వైజాగ్_వా

@డల్లాస్_డిలే ఇది బాగుంది. కానీ ప్రతిసారీ ఒకే వేగంతో ఉబ్బుతుంది కదా, నా కాలికి ఉన్న స్వేచ్ఛ దానికి లేదు. వా డొక్కుని నేను వదలను 🙂

కాకినాడ_కార్డ్స్

స్టీరియో కేబుల్‌తో పని చేసింది! ఆదివారం వాడాను. చరణం పాట్ తొమ్మిది గంటల దగ్గర, పల్లవి పాట్ రెండు గంటల దగ్గర. డల్లాస్ అన్న చెప్పిన కెపాసిటర్ రెండో పెట్టెలో పెట్టి చూస్తాను.

తర్వాత చేసేవాళ్లకి కొన్ని సంగతులు. ఇనప పెట్టెలో రంధ్రం 12 ఎంఎం కావాలి, స్విచ్ మెడ అంత ఉంటుంది. నేరుగా పెద్ద బిట్ పెడితే రేకు చుట్టుకుపోయి పెట్టె చేతిలోంచి తిరుగుతుంది. ముందు మేకుతో చిన్న గుంట కొట్టి, 3 ఎంఎం, తర్వాత 6, తర్వాత 12 వేయాలి, కింద చెక్క ముక్క పెట్టి. అంచులు ఆకురాయితో రుద్దకపోతే వైరు తొడుగు కోసుకుపోతుంది. పెట్టెకి వెనక మూత ఉండదు కాబట్టి మందపాటి ప్లాస్టిక్ షీట్ కోసి స్క్రూలు వేశాను.

పాట్ నాబ్‌లు పైన పెట్టలేదు, పక్కకి పెట్టాను. పైన ఉంటే బూటు తగిలి తిరుగుతాయి. ఇంకా మంచిదేమిటంటే నాబ్‌లే లేకుండా కాడని పొట్టిగా కోసి స్క్రూడ్రైవర్ గాడి పెట్టడం. పిల్లలు ముట్టుకోరు.

బోర్డు కూడా మార్చాను. అల్యూమినియం కిటికీలు చేసే షాపులో మిగిలిన సెక్షన్ ముక్కలు తూకానికి ఇచ్చారు. నాలుగు పట్టీలు, మధ్యలో వైర్లు కిందకి దిగడానికి సందు. వెల్క్రో టైలరింగ్ సామాన్ల షాపులో మీటరు లెక్కన దొరుకుతుంది, అయితే దానికి జిగురు ఉండదు, విడిగా పూయాలి.

టాప్ టెంపోకి మొమెంటరీ స్విచ్ ఇంకా రాలేదు. మా ఊళ్లో దొరకలేదు. కాలింగ్ బెల్ బటన్ పెట్టొచ్చా?

సోల్డర్_బాబాయ్

పనైతే చేస్తుంది, అది కూడా నొక్కినంతసేపే కలిసే రకమే. కానీ వేలికి చేసిన ప్లాస్టిక్, బూటుకి ఆగదు. స్విచ్ వచ్చేదాకా చెప్పులు విప్పి వాడు.

ఇంకో మాట. కొన్ని మొమెంటరీలు తలకిందులుగా ఉంటాయి, మామూలుగా కలిసి ఉండి నొక్కితే విడిపోతాయి. అలాంటిది తగిలితే కంగారు పడకు. టాప్‌కి కావాల్సింది నొక్కుల మధ్య దూరం. నొక్కినప్పుడు బదులు వదిలినప్పుడు లెక్క పెడుతుంది, టెంపో మాత్రం అదే వస్తుంది. పట్టి ఉంచితే పని చేసే ఫంక్షన్లకే అది తేడా. బాస్ ఎఫ్‌ఎస్-5యూ ఫుట్‌స్విచ్ పక్కన పొలారిటీ స్విచ్ పెట్టింది అందుకే.

గుంటూరు_కీస్

మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి, నేను కీబోర్డు వాయిస్తాను. మాది యమహా. బాబాయ్ సర్క్యూట్ అలాగే చేసి నా కీబోర్డు ఫుట్ కంట్రోలర్ జాక్‌కి పెట్టొచ్చా?

సోల్డర్_బాబాయ్

అలాగే పెట్టకండి. రోలాండ్, బాస్‌లలో మధ్య కొస టిప్‌కి, వోల్టేజీ రింగ్‌కి వస్తుంది. యమహాలో ఈ రెండూ తారుమారు: వోల్టేజీ టిప్ మీద, మధ్య కొస రింగ్‌కి. పైగా యమహా వాళ్ల తొక్కుడు పెడల్ ఎఫ్‌సీ-7లో పాట్ 50కే. కాబట్టి బీ50కే పాట్‌లు తీసుకుని, జాక్ దగ్గర టిప్, రింగ్ తీగలు మార్చి సోల్డర్ చేయండి. 1కే రెసిస్టర్ మధ్య కొస తీగతో పాటే, అంటే ఇప్పుడు రింగ్ వైపు, ఉండాలి. కెపాసిటర్ కూడా రింగ్‌కీ స్లీవ్‌కీ మధ్యకి మార్చండి. రెండు రకాలూ ఒకే పెట్టెతో నడపాలంటే జాక్ ముందు ఆరు కాళ్ల స్లైడ్ స్విచ్ ఒకటి పెట్టి టిప్, రింగ్‌లను అడ్డంగా మార్చుకోవచ్చు. అప్పుడు 1కే, కెపాసిటర్ ఆ స్లైడ్ స్విచ్‌కి లోపలి పక్క, పాట్‌ల వైపే ఉంచండి.